ఉత్తరం తగ్గిందని ఊరి పోస్టాఫీసుకు పాడె కడతారా?

పల్లెటూరి పోస్టాఫీసు గురించి ఇప్పుడు ఎవరు నోరు విప్పినా మాట ఒక్క తీరుగానే మొదలవుతుంది. చేతిలోకి ఫోను వచ్చింది, ఉత్తరాలు రాసేవాళ్లు లేరు, 2013 జూలైలో టెలిగ్రాము కూడా ఆగిపోయింది, ఇక ఊళ్లో ఆ బల్ల, ఆ ముద్ర, ఆ తూకం ఎందుకు? వేల కోట్ల నష్టం మోస్తూ కూర్చునే బదులు కాలం చెల్లిందని ఒప్పుకుని మూసేయడమో, పక్క ఊరి దాంట్లో కలిపేయడమో మేలు కదా? లెక్కలు తెలిసినవాళ్లు లెక్కలు చూపించి ఈ మాట అంటారు. ఎర్రడబ్బానూ ఖాకీ చొక్కానూ సైకిలు గంటనూ తలుచుకుని వ్యాసాలు రాసే పాతకాలం అభిమానులు ఇదే మాటను కంటతడితో అంటారు. నాకు ఈ రెండోవాళ్లతోనే ఎక్కువ పేచీ. పోస్టాఫీసు అంటే ఉత్తరమేనని, ఉత్తరం పోయింది కాబట్టి అదీ పోతుందని వాళ్లు ముందే ఒప్పేసుకున్నారు. బతికున్నదానికి సంతాపం రాస్తే, మూసేయాలనుకునేవాళ్ల పని సగం తేలికవుతుంది. ఊరి పోస్టాఫీసు కష్టాల్లో ఉన్నమాట నిజమే. ఆ కష్టం కాలం తెచ్చింది కాదు. ఏళ్ల తరబడి దానికి సగం కూలి, సగం పూట, అరువు గది ఇచ్చి నడిపించిన విధానం తెచ్చింది. చికిత్స కూడా అక్కడే జరగాలి.

చరిత్రలో కాస్త వెనక్కి వెళ్తే ఉత్తరం వాదం నిలబడదు. మనియార్డరు 1880లో వచ్చింది. పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882లో మొదలైంది. 1884లో ఉద్యోగుల కోసం పుట్టిన తపాలా బీమా 1995లో గ్రామీణ తపాలా జీవిత బీమాగా పల్లెలకు చేరింది. మలేరియా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన రోజుల్లో క్వినైను పొట్లాలు అమ్మించడానికి ఆనాటి ప్రభుత్వానికి పోస్టాఫీసే కనిపించింది. రేడియోకు లైసెన్సు ఉన్నన్నాళ్లు దాని రుసుము కట్టింది కూడా అక్కడే. నిజానికి ఉత్తరం ఊళ్లో చదువొచ్చిన కొద్ది ఇళ్ల వ్యవహారం. మిగతా ఊరికి పోస్టాఫీసంటే రంగూన్ వెళ్లినవాడి డబ్బు, బొంబాయి వలసపోయిన పాలమూరు కూలీ డబ్బు చేతికొచ్చే చోటు. 1947 నాటికి దేశంలో 23,344 పోస్టాఫీసులుండేవి. ఇవాళ 1.64 లక్షలకు పైబడ్డాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. స్వతంత్ర భారతం ఇన్ని ఊళ్లలో పోస్టాఫీసులు తెరిచిన కాలంలో దేశంలో సగానికి మించిన జనానికి చదువు రాదు. ఉత్తరాల గిరాకీ చూసి తెరిచిన దుకాణాలైతే అన్ని తెరిచేవారే కాదు.

తెరవడానికి పెట్టుకున్న నియమాలు చదివితే విషయం ఇంకా తేటపడుతుంది. మామూలు గ్రామీణ ప్రాంతంలో బ్రాంచి పోస్టాఫీసు పెట్టాలంటే చుట్టుపక్కల ఊళ్లు కలిపి మూడు వేల జనాభా ఉండాలి, దగ్గర్లోని పోస్టాఫీసుకు మూడు కిలోమీటర్ల దూరం ఉండాలి. రాబడి సంగతి? ఖర్చులో మూడో వంతు వస్తే చాలు. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో నూటికి పదిహేను వంతులు వచ్చినా చాలు. అంటే మన్యంలో ఒక పోస్టాఫీసు తెరిచిన రోజునే, దీని ఖర్చులో ఎనభై అయిదు వంతుల వరకు నేను పెట్టుకుంటానని ప్రభుత్వం కాగితం మీద రాసి మరీ తెరిచింది. పాఠశాలకు, ఆసుపత్రికి ఇచ్చిన మాటలాంటిదే ఇది. అలా మాటిచ్చి తెరిచిన చోట, డెబ్బయ్యేళ్ల తరవాత వచ్చి 'నష్టంలో ఉంది' అని కొత్తగా కనిపెట్టినట్టు ప్రకటించడం న్యాయం కాదు.

ఇక ఆ నష్టం లెక్క. 2018-19లో తపాలా శాఖ లోటు దాదాపు 15 వేల కోట్లకు చేరిందని, బీఎస్ఎన్ఎల్‌నీ ఎయిర్ ఇండియానూ దాటేసిందని పెద్ద అక్షరాలతో అచ్చయింది. తపాలా శాఖ ప్రభుత్వ రంగ సంస్థ కాదు, ప్రభుత్వ శాఖ. దాన్ని విమానాల కంపెనీ పక్కన నిలబెట్టి కొలవడమే మొదటి పొరపాటు. రెండోది పింఛన్ల లెక్క. రిటైరైన ఉద్యోగుల పింఛన్ల భారం ఈ శాఖ ఖాతాలోనే పడుతుంది. జీతాలు, పింఛన్లు కలిపితే ఖర్చులో అత్యధిక భాగం అదే. ఆ పింఛను ఊరి పోస్టాఫీసు నడిపే గ్రామీణ డాక్ సేవక్‌కు రాదు. పల్లెల్లో పనిచేసే ఆ సేవకులు దేశమంతటా దాదాపు 2.4 లక్షల మంది. 2018 జూలై నుంచి అమలైన రేట్లలో నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాస్టరు (బీపీఎం) మూల భత్యం 12 వేలు, సహాయకుడిది 10 వేలు. అయిదు గంటలైతే పద్నాలుగున్నర వేలు, 12 వేలు. తలా నెలకు 12 వేలు వేసుకున్నా ఏడాదికి మూడున్నర వేల కోట్లు దాటదు. ఆనాటి కరువు భత్యం కలిపినా నాలుగు వేల కోట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. వాళ్లు తెచ్చిపెట్టే రాబడిని పూర్తిగా మరిచిపోయి, రేపు పొద్దున వాళ్లందరినీ ఇంటికి పంపినా పదిహేను వేల కోట్ల లోటులో దాదాపు ముప్పాతిక భాగం అలాగే మిగిలి ఉంటుంది. అత్యంత తక్కువ జీతగాడి మీద అత్యంత పెద్ద నష్టాన్ని రాసేస్తున్నారు.

రాబడి వైపు కూడా చూడాలి. కూలి డబ్బులో నుంచి నెలకు వంద, రెండొందలు ఆర్డీ కట్టే ఇల్లాలు, ఆడపిల్ల పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరిచిన తండ్రి ఇచ్చే డబ్బు పోస్టాఫీసులో ఉండిపోదు. అది జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధిలోకి వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వం తన లోటు పూడ్చుకోవడానికి ఆ నిధి నుంచి ఒక్కో ఏడాది లక్షల కోట్లు వాడుకుంటుంది. దానికి బదులు తపాలా శాఖకు ముట్టేది ఖాతాకు ఇంత అని ఆర్థికశాఖ కట్టే పారితోషికం. యాభై పైసలకు పోస్టుకార్డు అమ్మాలన్నదీ శాఖ సొంత నిర్ణయం కాదు. దాన్ని చేర్చడానికి పన్నెండు రూపాయల పైన ఖర్చవుతోందని శాఖే లెక్కగట్టింది. ధర ఒకరు నిర్ణయిస్తారు, పొదుపు ఒకరు వాడుకుంటారు, పింఛను ఇంకొకరికి పోతుంది, నష్టం మాత్రం ఊరి పోస్టాఫీసు ముఖాన పూస్తారు.

పల్లెల్లో పోస్టాఫీసులు మూస్తే పెద్ద సంస్థల నష్టం తీరదని అమెరికా లెక్కలే చూపిస్తాయి. 2011లో అక్కడి తపాలా సంస్థ దాదాపు 3,700 పోస్టాఫీసులను మూసివేత పరిశీలన జాబితాలో పెట్టింది. వాటిలో అత్యధికం పల్లెలవే. అన్నీ మూస్తే మిగిలేది ఏటా దాదాపు 20 కోట్ల డాలర్లు. సంస్థ ఏడాది ఖర్చు చూస్తే ఏడు వేల కోట్ల డాలర్ల దాకా ఉంది. వంద డాలర్ల ఖర్చులో ముప్పై సెంట్లు కూడా మిగలవు. 2012 మే నెలలో ఆ ఆలోచన పక్కన పెట్టారు. మనవాళ్లు డెన్మార్క్ పేరే ఎక్కువ చెబుతారు. అక్కడి పోస్ట్‌నార్డ్ సంస్థ 2025 చివర ఉత్తరాల పంపిణీ మానేసిన మాట నిజం. కానీ అంతకు పదేళ్ల ముందే అక్కడి ప్రభుత్వం తాను పంపే కాగితాలన్నిటికీ ప్రతి పౌరుడికి డిజిటల్ పెట్టె ఏర్పాటు చేసింది, అది వాడలేనివాళ్లకు మినహాయింపు ఇచ్చింది. అరవై లక్షల దరిదాపు జనం ఉన్న దేశం అది. ముందు ఆ పెట్టె సంగతి చూడకుండా ఈ డబ్బా పీకేయమనడం వరస కాదు.

అన్నీ ఫోనులోనే అయిపోతున్నాయి కదా అనేవాళ్లు ఒక్క పింఛను రోజు ఏం జరుగుతుందో చూడాలి. తెలంగాణ పల్లెల్లో ఆసరా పింఛను ఎక్కువగా పోస్టాఫీసు ద్వారానే చేతికొస్తుంది. నలభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసి, గిన్నెలు తోమిన వేలికి గీతలు మిగలవు. యంత్రం మొదటిసారి పట్టదు. బీపీఎం ఆ ముసలామె వేలు తడిగుడ్డతో తుడుస్తాడు, మళ్లీ పెట్టిస్తాడు, చూపుడువేలు కాకపోతే బొటనవేలు, కుడిచెయ్యి కాకపోతే ఎడమచెయ్యి. సిగ్నలు లేకపోతే యంత్రం పట్టుకుని వాకిట్లోకి వెళ్తాడు, ఆమె వెనకాలే నడుస్తుంది. పట్టాక నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు, ఆమె కొంగున ముడేసుకుంటుంది. ఈ ఇబ్బంది చూసే 2025లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి తెచ్చారు. అదీ పనిచేయాలంటే ఎదురుగా ఒక మనిషి ఫోను పట్టుకుని నిలబడాలి. యూపీఐ ఎంత ఎదిగినా దాని అవతలి కొసన ఖాతా నుంచి నోటు తీసి ఇచ్చే చెయ్యి ఒకటి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల వేళ ఈ సంగతి రాష్ట్రమంతా కళ్లారా చూసింది. వాలంటీర్లు పింఛన్లు పంచరాదని ఎన్నికల సంఘం ఆదేశించాక, మే నెలలో చాలామందికి సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. డబ్బు ఒక్క నొక్కుతో ఖాతాలో పడింది. దాన్ని తెచ్చుకోవడానికి ముసలివాళ్లు రోహిణి ఎండల ముందు మండల కేంద్రాల బ్యాంకుల దగ్గర బారులు తీరారు. ఖాతా దాకా వచ్చిన సొమ్ముకూ గుమ్మం దాకా వచ్చిన సొమ్ముకూ మధ్య ఉన్న దూరం అదే.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బు మొదట్లో పోస్టాఫీసుల ద్వారానే ఇచ్చారు. వారాల తరబడి ఆలస్యాలు, మధ్యలో చేతివాటం, మస్టర్లలో దొంగ పేర్లు ఉండేవి. తరవాత వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో దీన్ని పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, స్మార్ట్‌కార్డు వచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందిందని, దారి మళ్లే సొమ్ము తగ్గిందని తేలింది. పోస్టాఫీసు ఓడిపోయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలంటారు. ఆ అధ్యయనాన్ని నేనూ గౌరవిస్తాను. అందుకే దాన్ని చివరిదాకా చదవమంటాను. స్మార్ట్‌కార్డు పద్ధతిలో డబ్బు ఇచ్చింది ఎవరు? ఊళ్లోనే ఉండే ఒక మనిషి, చేతిలో వేలిముద్ర యంత్రంతో. అంటే గెలిచింది ఊళ్లో మనిషి, చేతిలో యంత్రం అనే జత. ఆనాటి బ్రాంచి పోస్టుమాస్టరుకు ఆ యంత్రం లేదు. చేతిరాత లెడ్జరు, పైనుంచి సంచిలో రావాల్సిన నగదు, తన దగ్గర ఉంచుకోవడానికి వీల్లేని పరిమితి, ఇవే అతని సరంజామా. వందమంది కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు కావాలంటే సబ్ పోస్టాఫీసుకు రాసి, అది టపా సంచిలో వచ్చేదాకా కాచుకోవాలి. 2017 డిసెంబరులో దర్పణ్ పథకం మొదలై లక్షా ఇరవై తొమ్మిది వేల బ్రాంచి పోస్టాఫీసుల కోసం చేతి యంత్రాలు తలపెట్టింది. 2018 సెప్టెంబరులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తోడయింది. ఇవాళ ఆధార్‌తో ముడిపడిన ఏ బ్యాంకు ఖాతా నుంచైనా వేలిముద్రతో ఆ బల్ల దగ్గరే డబ్బు తీసుకోవచ్చు. స్మార్ట్‌కార్డును గెలిపించిన జత ఇప్పుడు ఊరి పోస్టాఫీసులోనే ఉంది. సరిగ్గా ఈ సమయంలో దాన్ని మూయమనడం, పంట ఇంటికి చేరే వేళ పొలం అమ్మేయడంలాంటిది.

పోస్టాఫీసు సొమ్ము కాజేసిన బీపీఎంల కథలు పత్రికల్లో వస్తూనే ఉంటాయని కూడా అంటారు. నిజమే. కట్టిన డబ్బు పాస్‌బుక్కులో రాసి ఖాతాలో చూపనివాళ్లున్నారు, నష్టపోయింది పేదలే, ఆ నేరాన్ని చిన్నది చేసి చెప్పను. లావాదేవీ యంత్రంలో అప్పటికప్పుడు నమోదై, ఖాతాదారు ఫోనుకు సందేశం వెళ్లడం మొదలయ్యాక ఆ దారి ఇరుకైంది. ఇంకా మిగిలిన కంతలు తనిఖీతో మూయాలి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోము కదా.

బ్యాంకు మిత్రలు, ఊరి సచివాలయాలు, మీసేవలు ఉన్నాయి, మళ్లీ ఇదెందుకు అనే ప్రశ్నకు జవాబు కొంత చిక్కుతో కూడింది. సచివాలయం ఆంధ్రలో ఉంది, తెలంగాణలో లేదు. రాష్ట్ర ప్రభుత్వం మారితే దాని రూపూ మారుతుంది. బ్యాంకు మిత్ర కమీషన్ మీద బతుకుతాడు. కమీషన్ గిట్టకపోతే తలుపు మూసుకుని వేరే పని చూసుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. ఏ ఊళ్లో లావాదేవీలు తక్కువో ఆ ఊళ్లోనే గిట్టదు, అంటే అవసరం ఎక్కువున్న చిన్న ఊళ్లోనే ముందు మూతపడుతుంది. పోస్టాఫీసు గిట్టుబాటు చూసుకుని వెళ్లిపోదు. వెళ్లే హక్కు దానికి లేదు. ఆ లేకపోవడమే ఊరికి దాని విలువ.

ఇక అసలు ఎవరూ పట్టించుకోని సంగతి చట్టంలో ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టరు పోస్టులో పంపిన కాగితం, మామూలుగా చేరాల్సిన సమయానికి చేరిపోయినట్టే లెక్క. చేరలేదంటే అలా అన్నవాడే రుజువు చేసుకోవాలి. కోర్టు నోటీసు, భూసేకరణ నోటీసు, బ్యాంకు వేలం నోటీసు అన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తాయి. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పేరు మారినా ఊరి రైతుకు కావలసింది మారలేదు: తన పేరూ, తండ్రి పేరూ, ఇంటిపేరూ ఎరిగి, ఒకే పేరున్న ముగ్గురిలో ఈ కవరు ఏ ఇంటిదో చెప్పగలిగిన మనిషి. కొరియరు కుర్రాడు మండల కేంద్రం నుంచి ఫోను చేసి, వచ్చి తీసుకెళ్లమంటాడు. ఫోను కలవకపోతే వెనక్కి పంపేస్తాడు. చట్టం దృష్టిలో మాత్రం నోటీసు చేరినట్టే ఉండిపోవచ్చు. పంపిణీ చేసే మనిషిని తీసేసి, చేరిందనుకునే నియమాన్ని ఉంచడమంటే, చదువు లేని రైతును అతనికి తెలియకుండానే ఓడించడం. పోస్టాఫీసు మూయమనేవాళ్లలో ఒక్కరూ ఈ సెక్షన్ ఊసెత్తగా నేను చూడలేదు.

మరి అంత అవసరమైనది అయితే ఎందుకిలా చిక్కి ఉంది? ఎందుకంటే దాన్ని పూటపనిగానే ఉంచారు. బీపీఎం ఉద్యోగానికి గది కూడా అతనే చూపించాలి. సొంతింటి అరుగో, అద్దె గదో, దానికి ఇచ్చేది నెలకు కొన్ని వందలు మించని భత్యం. ఇంకో బతుకుతెరువు ఉన్నవాడికే ఈ పని అన్నది మొదటి నుంచీ ఉన్న షరతు. 1977లోనే సుప్రీంకోర్టు, అప్పట్లో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ (ఈడీ) ఏజెంట్లని పిలిచిన వీళ్లు సివిల్ పోస్టులో ఉన్నవారేనని తీర్పు చెప్పింది. దాదాపు యాభై ఏళ్లవుతున్నా పూర్తి ఉద్యోగి హోదా రాలేదు. వీళ్ల జీతభత్యాలపై వేసిన కమలేష్ చంద్ర కమిటీ సిఫార్సులు అమలు చేయమని 2018 మే, జూన్ నెలల్లో పదహారు రోజులు సమ్మె చేస్తే తప్ప భత్యం పెరగలేదు. నాలుగు గంటలు తెరిచి ఉండే కౌంటరుకు, పొద్దున్నే కూలికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే మనిషి ఎప్పుడు వెళ్లాలి? లెక్కలవాళ్లు తలుపు తెరిచి లేని వేళ వచ్చి, జనం రావడంలేదని రాసుకుపోతున్నారు.

2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లక్షన్నర గ్రామీణ పోస్టాఫీసులను, 2.4 లక్షల డాక్ సేవకులను పల్లె ఆర్థిక వ్యవస్థకు ఊతంగా మలుస్తామని, తపాలా శాఖను పెద్ద సరుకు రవాణా సంస్థగా మారుస్తామని చెప్పారు. మాట మంచిదే. నేను దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. కానీ సైకిలు మీద నాలుగు గంటలు తిరిగే మనిషి వీపున రవాణా సంస్థను కట్టలేరు. మరోపక్క 1898 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 తపాలా చట్టం, 2024 జూన్ నుంచి అమలై, ఉత్తరాల మీద ప్రభుత్వానికున్న ప్రత్యేక హక్కును వదిలేసింది. పట్టణంలో లాభం వచ్చే బట్వాడాను ప్రైవేటువాళ్లు తీసుకుంటారు, మన్యంలో పదిహేను వంతుల రాబడి వచ్చే ఊరు పోస్టాఫీసుకు మిగులుతుంది. అప్పుడు లోటు ఇంకా పెరుగుతుంది, మూయమనే గొంతు ఇంకా పెద్దదవుతుంది. ఆ రోజు రాకముందే గ్రామీణ పోస్టాఫీసుల ఖర్చును మామూలు తపాలా పద్దులోంచి విడదీసి, సర్వజన సేవ అనే పేరుతో బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపించాలి. పొదుపు పనికి ఆర్థికశాఖ ఇచ్చే పారితోషికంలో ఏ ఊరి వంతు ఎంతో బయటపెట్టాలి. బీపీఎంకు ఎనిమిది గంటల పని, దానికి తగ్గ జీతం, పింఛను ఇవ్వాలి. పెద్ద ఊళ్లలోనైనా సాయంత్రం రెండు గంటలు కౌంటరు తెరవాలి. గది విషయంలో రాష్ట్రాలు ఢిల్లీ కోసం కాచుకోనక్కర్లేదు. పంచాయతీ భవనం ఉన్న ప్రతి ఊళ్లో ఒక గది, ఒక కరెంటు మీటరు, వర్షం పడని చోట ఒక బల్ల, వేలిముద్ర పెట్టడానికి వచ్చిన ముసలివాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ ఇవ్వడానికి గ్రామసభ తీర్మానం ఒకటి చాలు.